థెరపీ అరగంటే... మిగతాదంతా ఇంట్లోనే!

'వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యంగానే వచ్చినాయి. వీనికీ వస్తాయిలే!' కర్నూలు, కడప పల్లెల్లో అవ్వల నోట తరచూ వినిపించే మాట ఇది. చాలాసార్లు అది నిజమవుతుంది కూడా. పిల్లలందరూ ఒకే ఈడుకు నడవరు, ఒకేసారి మాట్లాడరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులైన పిల్లల్లో కొందరు 8 నెలలకే సొంతంగా అడుగులేస్తే, కొందరు 17 నెలలు దాటాక వేశారు. అయితే ఆ 'వస్తాయిలే'కు ఒక గడువుండాలి. మెదడు అతివేగంగా ఎదిగేది తొలి మూడేళ్లలోనే. ఆ నెలలు ఎదురుచూపుల్లో గడిచిపోతే నష్టపోయేది బిడ్డే.

ఎప్పటిదాకా ఆగొచ్చు?

మూడు నెలలకు మనిషిని చూసి నవ్వకపోయినా, ఐదు నెలలకు మెడ నిలపకపోయినా, పది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా వైద్యులకు చూపించాలి. ఏడాదిన్నరకు నడక గానీ, ఒక్క మాటైనా గానీ రాకపోయినా, రెండేళ్లకు 'అమ్మా దా' అన్నట్టు రెండు మాటలు కలపకపోయినా అంతే. వచ్చిన మాటలు, నడక తిరిగి పోతుంటే మాత్రం ఏ వయసులోనైనా ఒక్కరోజు కూడా ఆగకూడదు.

మాట రాలేదంటే ముందు చేయించాల్సింది వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడే బిడ్డకు కూడా మనుషుల మాటలు సరిగా వినిపించకపోవచ్చు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లిళ్లు చేసుకున్నవారి పిల్లల్లో పుట్టు చెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. కాబట్టి మేనరికాలు మామూలైన సీమలో ఈ పరీక్ష మరీ ముఖ్యం.

ఎక్కడ చూపించాలి?

ముందుగా అంగన్‌వాడీ కార్యకర్తకో, ఆశా కార్యకర్తకో చెప్పొచ్చు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద కర్నూలు, కడప ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వినికిడి, మాట నిపుణులు, సైకాలజిస్టు ఒకేచోట చూడాలన్నది వీటి ఉద్దేశం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి.

కానీ కోసిగి నుంచి కర్నూలుకు రావాలంటే తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. వానలు మొహం చాటేసిన ఏడు ఆ వైపు కుటుంబాలు గుంటూరు మిరప కోతలకు వలస పోతాయి. బిడ్డ చికిత్స అక్కడితో ఆగిపోతుంది.

అసలు వారానికి అరగంట థెరపీ అంటే ఏడాదికి 26 గంటలు. బిడ్డ మేలుకుని ఉండే సమయంతో పోలిస్తే అది రెండు రోజులకు కాస్త ఎక్కువ! అందుకే థెరపిస్టు దగ్గర బిడ్డను కూర్చోబెట్టి బయట ఎదురుచూడటం కాకుండా, పక్కనే ఉండి చూసి నేర్చుకోవాలి. 'ఈ వారం ఇంట్లో ఏం చేయించాలి?' అని అడగాలి. వలస పోయే ముందు రెండు మూడు వ్యాయామాలు చేసి చూపి సరిదిద్దించుకోవాలి. ఆసుపత్రి కాగితాలు వెంట తీసుకెళ్లాలి.

ఇంట్లో ఇలా...

- రొట్టె చేసేటప్పుడు చిన్న పిండిముద్ద ఇచ్చి నొక్కమనండి. వేళ్లకు బలం వస్తుంది. సంగటి ఒలకబోసుకున్నా సరే, తన చేత్తోనే తిననివ్వండి.
- శెనక్కాయలు, చింతపిక్కలు చిన్నపిల్లల చేతికివ్వొద్దు. గొంతులో అడ్డం పడతాయి.
- నీళ్లు పోసేటప్పుడు, బట్టలు మడిచేటప్పుడు చేస్తున్న పనిని మాటల్లో చెబుతూ ఉండండి. ఏదైనా అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగండి. నోరు తెరవకముందే అందిస్తే మాటతో అవసరమేముంది?
- చెమ్మచెక్క ఆడించండి. రెండు చేతులూ కలిసి పనిచేయడం వస్తుంది.
- సీటున్న వాకర్‌లో కూర్చోబెడితే నడక త్వరగా రాదు. ప్రమాదాల వల్ల కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. పక్కన పెద్దవాళ్లుంటే, బిడ్డ నిలబడి తోసే మూడు చక్రాల కొయ్యబండే నయం.
- రెండేళ్ల లోపు సెల్‌ఫోన్ వద్దు. ఆపై నాలుగేళ్ల దాకా టీవీ, ఫోన్ కలిపి రోజుకు గంట మించకూడదన్నది 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన సూచన.

ఇవి చికిత్సకు బదులు కాదు, చికిత్సకు తోడు. అనుమానం వస్తే మాత్రం ముందు ఆసుపత్రికే వెళ్లాలి. డాక్టరు 'ఏమీ లేదు' అంటే పోయేది ఒక్కరోజు కూలే. ఏదైనా ఉందంటే, ముందుగా దొరికిన ప్రతి నెలా బిడ్డకు లాభమే.