ఆటయు అక్షరమును

కర్నూలు జిల్లా పశ్చిమభాగమున నున్న దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములు కర్ణాటకమునకు చేరువైనవి. ఆదోని 1953వ సంవత్సరము వరకు బళ్లారి జిల్లాలోనిదే. నేటికిని అచటికి కన్నడ బోర్డులు గల బస్సులు వచ్చుచుండును. ఆ బోర్డు చదువుటకు బడిలో కన్నడము నేర్చి యుండనక్కరలేదు. బళ్లారికి పోవలసినవాడు మొదట ఊరి పేరును ఆకారమును బట్టి గుర్తించును. పిమ్మట ఒక్కొక్క అక్షరమును పోల్చుకొనును. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెండ్రు గనుక ఆ పని సులభముగా సాగును. అర్థముతో అవసరము కలిగినపుడు లిపి త్వరగా పట్టుబడును.

దూరదేశపు భాషకును ఈ సూత్రము వర్తించును. నేడు పెక్కు దేశములలో యువకులు వీడియో ఆటలు ఆడుచు జపాను భాషను చదువ నేర్చుకొనుచున్నారు. ఆటవలన చదువు చెడును గాని వచ్చునా యని పెద్దలు కొందరు ప్రశ్నింతురు. ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు.

జపాను వ్రాతలో మూడు విధముల లిపి కలదు. హిరగానా, కతకానా అనునవి ధ్వనులను తెలుపును. ఒక్కొక్కదానిలో మూలాక్షరములు 46. మూడవదియైన కాంజీ చీనా దేశమునుండి వచ్చినది. నిత్యవ్యవహారము కొఱకు 2010లో జపాను ప్రభుత్వము ప్రకటించిన పట్టికలో 2,136 కాంజీలు కలవు. ఈ సంఖ్యను చూచి జంకనక్కరలేదు. హిరగానా వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ అని మొదలై క, స, త, న అని సాగును. బౌద్ధులు కొనిపోయిన సంస్కృత వర్ణక్రమమే దీనికి దారి చూపినదని పండితులు చెప్పుదురు. వాక్యమున క్రియ చివర వచ్చుటయు మన తెలుగునందువలెనే.

1996లో జపానున వెలువడిన పోకెమాన్ ఆటలో మాటలు దాదాపు అన్నియు హిరగానా, కతకానాలలోనే ఉండెను. సాధారణ జపాను గ్రంథములలో పదముల నడుమ ఎడము ఉండదు. పిల్లల కొఱకైన ఈ ఆటలో మాత్రము ఎడము విడిచిరి. పోరు వచ్చినపుడెల్ల ‘తతకౌ’, అనగా పోరాడుట, ‘నిగెరు’, అనగా పారిపోవుట, అను మాటలు తెరపై కనబడును. పారిపోదలచినవాడు పొరపాటున మొదటిదానిని ఎన్నుకొన్నచో ఫలము వెంటనే తెలియును. విసుగు లేకుండ ఇన్నిమార్లు వల్లెవేయించుట ఏ గురువునకైనను కష్టమే.

అయినను ఆటలో ఒక మోసము కలదు. ఏ వరుసలో ఏ మాట యున్నదో తెలిసిన పిమ్మట అక్షరము చదువకయే మీట నొక్కవచ్చును. అట్లు ఏడాది ఆడినను చదువు ముందునకు సాగదు. యుద్ధపు మాటలు వచ్చును గాని, జపానీయులు మిక్కిలి పాటించు గౌరవ వాక్కులు రావు. చేతివ్రాత అసలే రాదు. కావున ఆడువాని ప్రక్కన ఒక నోటుపుస్తకము ఉండవలెను. తెలియని మాట వచ్చినపుడు ఆట నాపి, దానిని వ్రాసికొని, నిఘంటువున అర్థము వెదకవలెను. మరునాడు ఆట లేకుండ ఆ మాటను చదువగలిగినచో అది విద్య, లేనిచో కాలక్షేపము.

మరియొక సంగతియు మరువరాదు. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున జపాను భాషను బోధింతురు. దేవనకొండ ప్రాంతపు పిల్లలందరును అంత దూరము పోజాలరు. వారిలో శ్రద్ధగలవారికి ఆటయే మొదటి వాచకము కావచ్చును. కాని వర్షముపై ఆధారపడిన ఈ సీమలో తల్లిదండ్రులతో వలసపోయి బడికి దూరమగు పిల్లలును కలరు. ఆట చదువు నేర్పునని చెప్పి అట్టివారిని విడిచిపెట్టుట న్యాయము కాదు. మాతృభాషను చక్కగా చదువ వచ్చినవానికే పరభాష నిలుచును. ఆ పునాది వేయవలసినది బడియే గాని ఆట కాదు.

కనుక ఆటను చూచినంతనే పెద్దలు కోపగింపరాదు. “నేడు ఏ మాట నేర్చితివి?” అని యడుగుట మేలు. పిల్లలు ఆ మాటను కాగితముపై వ్రాసి చూపవలెను.