ఔషధం కాదు, సౌమనస్యం: అత్తరు గురించి రెండు మాటలు

మల్లె అత్తరు తలనొప్పికి మంచిదా, వట్టివేరు అత్తరు రక్తపోటును తగ్గిస్తుందా, గులాబీ అత్తరుతో నిద్ర పడుతుందా అని నన్ను అడిగేవారు ఇటీవల ఎక్కువయ్యారు. అందరికీ నేను చెప్పే సమాధానం ఒక్కటే: అత్తరును మందుగా వాడకండి, సంతోషంగా పూసుకోండి. ఈ మాట కొందరికి నిరాశ కలిగిస్తున్నది. వైద్యుడు మెచ్చుకొన్న వస్తువు ఏదో ఒక రోగానికి పనికిరావలెనని మనకు ఒక నమ్మకం. రోగం తగ్గించనిదంతా విలాసమనీ, విలాసమంతా దుబారా అనీ మన గృహస్థుల లెక్క. ఆయుర్వేదం లెక్క అది కాదని మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

దినచర్యలో సుగంధం

చరకసంహిత సూత్రస్థానం ఐదవ అధ్యాయంలో దినచర్య వివరింపబడినది. అభ్యంగం, స్నానం, శుభ్రమైన వస్త్రధారణ మొదలైన వాటి సరసనే గంధమాల్య ధారణమూ ఉన్నది. దాని ప్రయోజనాలలో ఒకటిగా సౌమనస్యం, అనగా మనస్సు ప్రసన్నంగా ఉండడం, చెప్పబడినది. వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలోని ఋతుచర్యలో హేమంతానికి కుంకుమపువ్వు, కస్తూరి, అగరు ధూపం చెప్పాడు. గ్రీష్మానికి చందన కర్పూరాలు, మల్లెల మాలలు. శరత్తుకు చందనం, వట్టివేరు. పాఠకులు ఒక సంగతి గమనించవలెను. ఇవి రోగికి వ్రాసిన చికిత్సలు కావు. ఆరోగ్యవంతుడు ఆరోగ్యంగా, సుఖంగా జీవించడానికి చెప్పిన స్వస్థవృత్తం. సుఖం కూడా ఆయుర్వేదానికి విషయమే.

సుగంధాన్ని మన పెద్దలు ఒక విద్యగానే చూశారు. ఆరవ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసంలో సుగంధ ద్రవ్యాల కూర్పును వివరించాడు.

ముక్కుకు చదువు

గురుగృహంలో మేము చదువుకొన్న రోజులలో బ్రహ్మచారులకు గంధమాల్యాలు నిషిద్ధం. చిత్రమేమంటే, మూలికల గదిలో మా తొలిపాఠం ముక్కుతోనే జరిగేది. తుంగముస్తలు, వట్టివేరు, జటామాంసి, చెంగల్వకోష్టు కళ్లు మూసుకొని గుర్తుపట్టవలెను. పాతబడిన వేరును, కల్తీ చందనాన్ని కంటికంటె ముందు ముక్కే పట్టుకొనేది. ఘ్రాణేంద్రియానికి కూడా చదువు అవసరమని అప్పుడు బోధపడినది.

ఆ ఇంద్రియం విలువ లోకానికి 2020, 2021 సంవత్సరాలలో తెలిసివచ్చింది. కోవిడ్ సోకిన ఎందరో వాసన కోల్పోయి, కాఫీకీ వేడినీళ్లకూ తేడా తెలియక, అన్నం మీద ఆసక్తి పోయి బాధపడ్డారు. అంతకు చాలాముందే, 2009లో, జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలను ఉదయం, సాయంత్రం పన్నెండు వారాలు శ్రద్ధగా చూపించగా, కొందరి ఘ్రాణశక్తి మెరుగుపడినట్లు ప్రకటించారు. అక్కడ వాడినది అత్తరు కాదు. పని చేసినది శ్రద్ధతో కూడిన అభ్యాసం. అత్తర్లు సేకరించేవాడు తెలియకుండానే ఆ శ్రద్ధను అలవరచుకొంటాడు.

అత్తరు పుట్టుక

ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్ పట్టణం అత్తర్లకు పుట్టినిల్లు వంటిది. అక్కడ పాతపద్ధతి నేటికీ సాగుతున్నది. డేగ్ అనే రాగి బానలో పువ్వులు, నీరు పోసి, మూతను బంకమట్టితో బిగిస్తారు. దాని నుండి వెదురు గొట్టం ద్వారా ఆవిరి, నీటితొట్టిలో ఉంచిన భప్కా అనే రాగి పాత్రలోకి దిగుతుంది. ఆ పాత్రలో ముందుగానే చందన తైలం ఉంటుంది. ఆవిరి చల్లబడి నీరవుతుంటే, పువ్వు పరిమళాన్ని చందనం తనలోకి తీసుకొంటుంది. నీటిని వేరుచేసి, మరునాడు కొత్త పువ్వులతో మళ్లీ బట్టీ పెడతారు. ఇట్లా కొన్ని దినాలు సాగవలెను. మంట ఎక్కువైనదో తగ్గినదో కొలిచే యంత్రం లేదు; పనివాని చెవి, చెయ్యి, ముక్కే ప్రమాణం. కాల్చిన మట్టిని కూడా ఇదే విధంగా బట్టీ పట్టి తొలకరి వాసన గల మట్టి అత్తరు తీయడం వారి నేర్పుకు పరాకాష్ఠ.

మనకు మరింత దగ్గరలో, ఒడిశాలోని గంజాం తీరంలో, మొగలిపువ్వు నుండి అత్తరు తీస్తారు. బరంపురం ప్రాంతంలోని తెలుగు కుటుంబాలకు ఇది కొత్త సంగతి కాదు. జడలో మొగలిరేకులు తురుముకొన్న మన అమ్మమ్మల కాలం గుర్తున్నవారికి ఆ అత్తరు పరిచయం చేయనక్కరలేదు.

సేకరణ ఎట్లా?

సేకరణ అనగా బీరువా నింపడం కాదు. అత్తరును తులం లెక్కన, అనగా 11.66 గ్రాముల కొలతన, అమ్ముతారు. ఒక్కొక్కటి పావు తులం చాలును. ఋతువును బట్టి ఎంచుకొంటే అయిదారు సీసాలతో సంవత్సరం గడుస్తుంది: వేసవికి వట్టివేరు, మల్లె, వానాకాలానికి మట్టి, మొగలి, చలికాలానికి లవంగం, జటామాంసి వంటి ద్రవ్యాలు చేరిన శమామా. దుకాణంలో ఒకేసారి మూడింటికి మించి వాసన చూడవద్దు. ముక్కు అలసిపోయిన తరువాత అన్నీ ఒకటే. మణికట్టు మీద ఒక చుక్క రాసుకొని ఇంటికి రండి. సాయంత్రానికి నచ్చితే మరునాడు కొనండి. హైదరాబాదు చార్మినారు పరిసరాలలోని అత్తరు దుకాణాలలో ఈ విధంగా పరీక్షించుకోవచ్చును. చెవి మడతలో అత్తరు దూది ఉంచుకొనడం చక్కని పాత అలవాటు. సీసాలను వెలుతురు, వేడి తగలని చోట ఉంచవలెను. మంచి చందనం మీద తీసిన అత్తరు ఏళ్లు గడిచేకొద్దీ మరింత మృదువవుతుంది.

ధర గురించి ఒక లెక్క చెప్పవలసి ఉన్నది. ఒక కిలో గులాబీ తైలానికి సుమారు మూడు నుండి అయిదు వేల కిలోల పువ్వులు కావలెను. అనగా ఒక్క గ్రాముకు మూడు నుండి అయిదు కిలోలు! పువ్వుల బజారు ధర మీకు తెలుసు, గుణించి చూడండి. కారుచౌకగా దొరికే ‘అసలైన గులాబీ నూనె’ అసలైనది కాజాలదు. చందనం అరుదై, ధర పెరిగినందున నేడు చాలా అత్తర్లు లిక్విడ్ పారఫిన్ వంటి నూనెల మీద, కృత్రిమ పరిమళాలతో తయారవుతున్నాయి. కస్తూరి మృగం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షింపబడిన జంతువు. కనుక అంగడిలోని కస్తూరి అత్తరు కృత్రిమమో, లతాకస్తూరి గింజలదో అయి ఉండవలెను. కృత్రిమాన్ని కృత్రిమమని చెప్పి అమ్మితే నాకు ఆక్షేపణ లేదు. కానీ మనం పది చౌక సీసాలకు పెట్టే డబ్బుతో ఒక్క నిజమైన సీసా కొంటే, బట్టీ ముందు కూర్చున్న ఆ పనివాని విద్య మరొక తరం నిలుస్తుంది.

ఎవరికి తగును?

సుగంధం పడుచువారికే తగునని, వృద్ధులకు, ముఖ్యంగా భర్తను కోల్పోయిన స్త్రీలకు తగదని ఇంకా అనుకొనే ఇళ్లు ఉన్నాయి. దినచర్య చెప్పిన చోట చరకుడు ఈ గీత గీయలేదు. నా వద్దకు వచ్చిన ఒక వృద్ధురాలికి అగ్నిమాంద్యం, నిద్రలేమి. భర్త పోయినప్పటి నుండి పువ్వు ముట్టలేదు. మందులు ఇచ్చి, వెంట వచ్చిన కుమారునితో, “అమ్మగారికి మొగలి అత్తరు ఒక చిన్న సీసా తెచ్చిపెట్టు నాయనా” అన్నాను. ఆమె, “ఈ వయసులో నాకెందుకు బాబూ, నలుగురూ నవ్వుతారు” అన్నారు. నెల తిరిగి వచ్చినప్పుడు ఆమె తల దువ్వుకొని, ఇస్త్రీ చీర కట్టుకొని వచ్చారు. దగ్గర కూర్చుంటే మొగలి వాసన. ఆకలి పుట్టించినది మందే కావచ్చును. అత్తరు జబ్బు తగ్గించిందని నేననను. అయితే తన శరీరం ఇంకా తనదేనని, దానికి ఇంకా మర్యాద చేయవచ్చునని ఆమెకు తోచింది. ఆ తోచడం చూర్ణంలో కలిపి ఇవ్వగలిగినది కాదు.

జాగ్రత్తలు

కొత్త అత్తరును ముందుగా మోచేతి మడతలో ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి చూడండి. మంట, దురద, దద్దురు కలిగితే మానివేయండి. ఉబ్బసం, పార్శ్వపు నొప్పి ఉన్నవారి సమీపంలో, పసిపిల్లల శరీరం మీద వాడవద్దు. గాయాల మీద, కళ్ల దగ్గర రాయరాదు. లోపలికి ఎంతమాత్రం పుచ్చుకొనరాదు. నిమ్మజాతి తైలాలు కొన్ని పూసుకొని ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోవచ్చును.

పూసుకొనే పరిమాణం ఒక్క చుక్క. మీరు గదిలో అడుగుపెట్టగానే అందరికీ తెలిస్తే అది ఎక్కువైనట్లు. దగ్గరగా వచ్చి పలకరించిన వారికి మాత్రమే తెలిస్తే సరిపోయినట్లు. స్నానానంతరం ఆ ఒక్క చుక్క రాసుకొని, ఏ ఫలశ్రుతీ ఆశించకుండా ఒక క్షణం వాసన చూడండి. పెద్దలకు కూడా ఒక చుక్క రాయండి.