పైచట్టం అండ కావాలి, అడ్డు కాదు

ఒక చిన్న దేశం తన ప్రజల కోసం గట్టి చట్టం చేసుకుంది. పైనున్న యూనియన్ అంతకన్నా మెత్తని చట్టం తెచ్చింది. కంపెనీ కోర్టుకెక్కింది. మెత్తని చట్టమే చెల్లుతుంది, గట్టి చట్టం చెల్లదని కోర్టు తేల్చింది. ఇది 2017 ఏప్రిల్‌లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ కోర్టులో జరిగింది. తగాదా ఇంటర్నెట్ మీద. కాని దాని వెనకున్న ప్రశ్న పాతదే. ప్రజల హక్కును కాపాడే విషయంలో చివరి మాట ఎవరిది?

నెట్ న్యూట్రాలిటీ అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. తోవ వేసినవాడు ఆ తోవన పోయే బండ్లన్నిటినీ ఒక్క తీరుగా పోనివ్వాలి. చుట్టాల బండికి తోవ ఇచ్చి పక్కోడి బండిని ఆపొద్దు. నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ కూడా ఏ సైటునూ ఏ యాప్‌నూ అడ్డుకోవద్దు, నెమ్మది చేయొద్దు, ఒకదానికో రేటు ఇంకోదానికో రేటు పెట్టొద్దు. పెద్ద పెట్టుబడి లేని పత్రిక, పేరులేని గాయకుడు, నలుగురు కుర్రాళ్లు పెట్టుకున్న కంపెనీ బతికి బట్టకట్టాలంటే ఈ నియమం ఉండాలి.

2011లో నెదర్లాండ్స్‌లోని పెద్ద టెలికాం కంపెనీ కేపీఎన్, వాట్సాప్ లాంటి సేవలు వాడితే విడిగా చార్జి గుంజాలని చూసింది. ఎస్సెమ్మెస్ ఆదాయం పడిపోతున్నదని దాని ఏడుపు. జనం భగ్గుమన్నారు. 2012లో అక్కడి పార్లమెంటు చట్టం చేసింది. యూరప్‌లో నెట్ న్యూట్రాలిటీని చట్టంలో రాసుకున్న మొదటి దేశం అదే. ఆ ఏడాది చివర్లో స్లొవేనియా ఆ బాట పట్టింది. డచ్ చట్టం కాగితం మీదనే ఉండిపోలేదు. ఒక టీవీ యాప్‌ను డేటా లెక్కలోంచి తప్పించినందుకు 2015లో వొడాఫోన్‌కు 2 లక్షల యూరోల జరిమానా పడింది.

అదే ఏడాది నవంబర్ 25న యూరోపియన్ యూనియన్ 2015/2120 నంబరు రెగ్యులేషన్ తెచ్చింది. అది 2016 ఏప్రిల్ 30 నుంచి అమలులోకి వచ్చింది. ఇక్కడ ఒక మెలిక అర్థం చేసుకోవాలి. యూనియన్ 'డైరెక్టివ్' ఇస్తే దాన్ని ఏ దేశానికి ఆ దేశం తన చట్టంగా రాసుకోవాలి. 'రెగ్యులేషన్' ఇస్తే ఆ అవసరం లేదు. అదే నేరుగా అన్ని దేశాల్లో చట్టం. దేశ చట్టానికీ యూనియన్ చట్టానికీ పొత్తు కుదరకపోతే యూనియన్ చట్టమే పైచేయి. మిలాన్ నగరంలో కోస్టా అనే లాయరు కరెంటు బిల్లు కట్టనని మొదలుపెట్టిన కేసులో, 1964లో లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టు స్థిరపరిచిన సూత్రమిది.

కొత్త రెగ్యులేషన్ అడ్డుకోవడాన్ని, నెమ్మది చేయడాన్ని నిషేధించింది. కాని కొన్ని యాప్‌లకు డేటా ఉచితమనే ఎత్తుగడను సూటిగా నిషేధించలేదు. డచ్ పార్లమెంటు ఊరుకోలేదు. 2016లో తన చట్టంలో ఆ నిషేధాన్ని మళ్లీ రాసుకుంది. టీ-మొబైల్ కంపెనీ మాత్రం కొన్ని సంగీత సేవలకు ఉచిత డేటా ప్రకటించింది. నియంత్రణ సంస్థ ఆపమన్నది. కంపెనీ కోర్టుకు పోయింది. 2017 ఏప్రిల్ 20న రోటర్‌డామ్ కోర్టు, రెగ్యులేషన్‌లో లేని సంపూర్ణ నిషేధం దేశ చట్టంలో ఉండరాదని, అది యూనియన్ చట్టానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే.

ఉచితంగా పాటలు వస్తుంటే మీకేం నొప్పి అని అడిగేవాళ్లున్నారు. ఏ దుకాణానికి పోతే చార్జి లేదో తోవ వేసినవాడే నిర్ణయిస్తే, మిగతా దుకాణాలు మూత పడతాయి. ఆ తర్వాత ధర నిర్ణయించేది కూడా వాడే.

డచ్ వాళ్లు ముందుగా చెప్పిన మాట చివరకు లక్సెంబర్గ్ కూడా చెప్పక తప్పలేదు. హంగరీలో టెలినార్ కంపెనీ, కస్టమరు డేటా అయిపోయాక కూడా తనకు నచ్చిన యాప్‌లను నడిపించి మిగతావాటిని అడ్డుకుంది, నెమ్మది చేసింది. బుడాపెస్ట్ కోర్టు అడిగిన ప్రశ్నకు 2020 సెప్టెంబర్ 15న యూరోపియన్ కోర్టు ఇది చెల్లదని జవాబిచ్చింది. 2021 సెప్టెంబర్ 2న జర్మనీకి చెందిన వొడాఫోన్, టెలికాం కంపెనీల కేసుల్లో, వ్యాపార లెక్కలతో కొన్ని యాప్‌లకు ఉచిత డేటా ఇవ్వడమే సమానత్వ నియమానికి విరుద్ధమని తేల్చింది. 2022లో జర్మన్ నియంత్రణ సంస్థ ఆ పథకాలను ఎత్తేయమని ఆదేశించింది. రోటర్‌డామ్ నుంచి ఈ తీర్పుల దాకా నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో కంపెనీలు సంపాదించుకున్నది సంపాదించుకున్నాయి. నష్టపోయిన చిన్నవాళ్లకు ఎవరు లెక్క చెప్పాలి?

ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. ఏ చట్టమూ లేని దేశాల ప్రజలకు ఈ రెగ్యులేషన్ నిజంగానే కవచమైంది. అది లేకుంటే బుడాపెస్ట్ కేసే లేదు. ఉమ్మడి చట్టం వద్దని మేం అనడం లేదు. కాని దాని అమలు మళ్లీ దేశాల చేతుల్లోనే ఉంది. నిఘా పెట్టేది ఆ దేశ నియంత్రణ సంస్థ. శిక్ష ఎంతో రాసుకునేది ఆ దేశ పార్లమెంటు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వకపోతే జనానికి ఒరిగేదేమీ లేదు.

ఇంకో సంగతి మరీ విడ్డూరం. రెగ్యులేషన్ మూడో అధికరణం ప్రకారం, దేశ చట్టం ఆదేశిస్తే కంపెనీలు సైట్లను అడ్డుకోవచ్చు. ఆ చట్టం యూనియన్ చట్టాలకు, ప్రాథమిక హక్కులకు లోబడి ఉండాలన్న షరతు ఉంది. బ్రిటన్ యూనియన్‌లో ఉన్నప్పుడు, పిల్లల పేరు మీద కంపెనీలు పెట్టిన ఫిల్టర్లకు ఈ రెగ్యులేషన్‌తో చిక్కు వచ్చింది. 2017లో బ్రిటన్ డిజిటల్ ఎకానమీ చట్టంలో ఒక సెక్షన్ రాసి ఆ చిక్కు విప్పుకుంది. ప్రజలకు ఎక్కువ హక్కు ఇస్తామన్న దేశానికి తలుపు మూశారు. అడ్డుకుంటామన్న దేశానికి, షరతుతోనైనా, తలుపు తెరిచారు. ఇదేం నీతి?

ఈ పాఠం మనకూ పనికొస్తుంది. మన ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా రేట్లను నిషేధించింది. ఫేస్‌బుక్ 'ఫ్రీ బేసిక్స్' మూటా ముల్లె సర్దుకుంది. లక్షలాది మంది ఉత్తరాలు రాసి కొట్లాడితే వచ్చిన గెలుపది. కాని మన రాజ్యాంగంలో టెలిఫోన్లు, ఇతర కమ్యూనికేషన్లు కేంద్ర జాబితాలో 31వ అంశం. రేపు ఢిల్లీ మెత్తబడి ఆ నిషేధాన్ని సడలిస్తే, దాన్ని నిలబెట్టుకునే చట్టం చేసే దారి ఏ రాష్ట్రానికీ లేదు. డచ్ వాళ్లకు కనీసం ఒక చట్టం చేసుకుని ఓడిపోయే అవకాశమైనా దక్కింది.

అందుకే మేం చెప్పేది ఒక్కటే. పైనుంచి వచ్చే చట్టం, హక్కు ఇంతకన్నా తగ్గొద్దని గీత గీయాలి. ఇంతకన్నా పెరగొద్దని గీయకూడదు. అడ్డుకునే అధికారం ఎవరికిచ్చినా కోర్టు ఆదేశంతోనే, జనానికి తెలిసేటట్టుగానే ఉండాలి. ఎక్కువ మేలు చేసుకుంటామని ముందుకొచ్చిన ప్రజలను వెనక్కి లాగే చట్టం, ఎంత పెద్ద సభలో పుట్టినా, ఎన్ని దేశాలు సంతకం పెట్టినా, చివరికి కంపెనీలకే కొమ్ము కాస్తుంది.