సారథి శ్రమ, యజమాని ధర్మం

నిష్కామకర్మను గూర్చి ప్రవచనాలు వినే సజ్జనులలో ఒక అపవ్యాఖ్యానం నానాటికీ ప్రబలుతున్నది. ఉద్యోగి తన జీతాన్ని గూర్చి గాని, పనిభారాన్ని గూర్చి గాని నోరు విప్పితే, ఫలాపేక్ష కూడదని గీతాచార్యుడు చెప్పలేదా అని ఎదురుప్రశ్న వేస్తున్నారు. ఫలత్యాగం సాధకుడు తనకు తానై స్వీకరించే వ్రతం. ఒకరు మరొకరిపై విధించే నిబంధన కాదు. ఈ భేదం మరచిన చోట వేదాంతం యజమానికి ఊడిగం చేస్తుంది.

మెదక్ పట్టణవాసులకు ఇది కేవలం గ్రంథచర్చ కాదు. 2022లో అక్కన్నపేట నుండి రైలుమార్గం వచ్చేంతవరకు ఈ పట్టణానికి ఆర్టీసీ బస్సే ప్రధానాధారం. మహాశివరాత్రి జాతరకు ఏడుపాయల వనదుర్గామాత సన్నిధికి భక్తజనాన్ని చేర్చేవీ ఆ సంస్థ ప్రత్యేక బస్సులే. దర్శనం ముగించి ప్రసాదంతో తిరుగు బస్సెక్కే భక్తుడు, స్టీరింగు పట్టినవాడు ఆ రాత్రి ఎంతసేపు నిద్రించాడని విచారిస్తాడా?

1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభమైన సంస్థ ఇది. 2019 అక్టోబరు 5న దాని కార్మికులు దాదాపు 48 వేల మంది సమ్మెకు దిగారు. ప్రభుత్వంలో విలీనంతో పాటు ఖాళీల భర్తీ కూడా వారి కోరికలలో ఒకటి. దసరా వేళ ప్రజలు పడిన అవస్థ అసత్యం కాదు. అయితే విధులకు రానివారు ఉద్యోగాన్ని తామే వదులుకున్నట్లని ప్రభుత్వం ప్రకటించింది. సెప్టెంబరు జీతమూ ఆగిపోయింది. 52 రోజులకు సమ్మె విరమించారు. ఆ నడుమ కొందరు ప్రాణాలు తీసుకున్నారు.

2023 ఆగస్టులో విలీన బిల్లు శాసనసభ ఆమోదం పొందే నాటికి లెక్కకు వచ్చిన ఉద్యోగులు 43,373 మంది. ఆ డిసెంబరు 9 నుండి మహిళలకు ఉచిత ప్రయాణం ఆరంభమైంది. అది సత్కార్యమే. కాని దానమిచ్చినది ప్రభుత్వం, కిక్కిరిసిన బస్సులో ప్రతి మహిళకూ సున్నా టికెట్ కొట్టి ఇచ్చేది కండక్టరు. కండక్టరు లేని కొన్ని సర్వీసులలో టికెట్ల యంత్రం కూడా డ్రైవరు చేతిలోనే ఉంటుంది. ఎట్టకేలకు 2025 సెప్టెంబరులో 1,000 డ్రైవరు, 743 శ్రామిక్ ఉద్యోగాలకు ప్రకటన వెలువడింది. అందులో కండక్టరు పోస్టు ఒక్కటీ లేదు.

చిత్రకూటంలో శ్రీరాముడు భరతుని అడిగిన కుశలప్రశ్నలలో, సేనకు జీతబత్తెములు కాలాతిక్రమణం లేక అందుతున్నవా అన్నది ఒకటి. ఆలస్యమైతే భృత్యులు ప్రభువుపై కోపిస్తారని, అది మహానర్థమని కూడా ఆయనే చెప్పాడు. ఆ కోపాన్ని ఆయన దోషంగా ఎంచలేదు, ఆలస్యాన్నే ఎంచాడు.

ద్రోణపర్వంలోని ఘట్టం మరింత ప్రత్యక్షమైనది. సూర్యాస్తమయంలోగా సైంధవుని వధించాలి. ప్రతిజ్ఞ తప్పితే అగ్నిప్రవేశం. అట్టి వేళ అర్జునుని గుర్రాలు అలసిపోయాయి. వాటిని తోలుతున్నది సాక్షాత్తు గీతోపదేష్ట. మరికొంత దూరం లాగమని కమ్చీ ఝళిపించవచ్చు కదా! అలా జరగలేదు. శత్రుసేనల నడుమ రథం ఆగింది. అర్జునుడు నేలపై నిలిచి శత్రువులను అడ్డుకున్నాడు, అస్త్రంతో నీటిమడుగు కల్పించాడు, బాణాలతో గృహం నిర్మించాడు. కృష్ణుడు గుర్రాలకు గుచ్చుకున్న బాణాలు తీసి, ఒళ్ళు తోమి, నీరు త్రాగించి, తిరిగి కట్టాడు. ఇంద్రియాలను గుర్రాలతో పోల్చిన కఠోపనిషత్తును నిత్యం మననం చేసేవారు ఈ గుర్రాలను ఎందుకు మరచిపోతారో తెలియదు.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8, వారానికి 48 గంటల పనిని సాధారణ పరిమితిగా నిర్ణయించింది. దానిని అడిగిన డ్రైవరుకు వైరాగ్యం బోధించడం ధర్మం కాదు. నియామకాలు ప్రభుత్వం చేయవలసినవి. అయితే ఏడుపాయలలో అన్నదానం చేసే భక్తమండళ్ళు రాబోయే శివరాత్రికి, జనసమ్మర్దానికి దూరంగా, డ్రైవర్లూ కండక్టర్లూ రెండు గంటలు కన్నుమూయడానికి ఒక పందిరి, నాలుగు చాపలు, త్రాగునీరు ఏర్పాటు చేయడానికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు.