పులి మీద నెపం

చెల్లెమ్మలూ! ఈ వారం పిల్లలు పడుకున్నాక చూడదగ్గ సినిమా ఒకటి చెబుతాను. వంశీ గారి ‘అన్వేషణ’. 1985లో వచ్చింది. కార్తీక్, భానుప్రియ జంట. అందులో అడవి మన తలకోనే! కుప్పం నుంచి పీలేరు మీదుగా జలపాతం చూడ్డానికి పోతామే, అక్కడే తీశారు.

అడవిలో వరసగా హత్యలు. పులి చంపిందంటారు అందరూ. పక్షుల కూతల మీద పరిశోధనకని వచ్చిన హేమ ఆ భయం మధ్యే తిరగాలి. ఇళయరాజా గారి సంగీతం ఉంది చూశారూ, ఆకు కదిలినా గుండె జల్లుమంటుంది.

1940ల్లో అమెరికా వాళ్ళు ఇలాంటి చీకటి కథలు చాలా తీశారు. 1944 నాటి ‘డబుల్ ఇండెమ్నిటీ’లో ఇల్లాలే బీమా ఏజెంటుతో కలిసి, మొగుడి చేత తెలియకుండా ప్రమాద బీమాకు సంతకం పెట్టించి, చంపిస్తుంది. రైలు ప్రమాదమైతే సొమ్ము రెట్టింపట! (మనలో ఎంతమందికి ఇంట్లో బీమా కాగితం ఎక్కడుందో తెలుసు?) బిగువైన సినిమానే. కానీ ఆడదంటే విషమన్నట్టు చూపడం నాకు నచ్చలేదు. హేమ అట్లా కాదు, తన పని మీద తాను వచ్చిన పిల్ల. అందుకే ఆమె కోసం మనకు భయమేస్తుంది.

హంతకుడెవరో చెప్పనులెండి. పెరటి తలుపు గడియ పెట్టుకుని కూర్చోండి.