కళాశాలలలో అమెరికా ఫుట్‌బాల్ ఆట యుండదగునా?

వ్యాయామము లేని విద్య అసంపూర్ణమని మేమును నమ్ముదుము. పాఠశాలకు తరగతి గది యెంత ముఖ్యమో ఆటస్థలమును అంత ముఖ్యమే. అయినను ఆటస్థలములో జరుగునదంతయు విద్యయే యని చెప్ప వీలులేదు. ఈ విషయమై అమెరికా దేశములో నూఱేండ్లకు పైగా ఒక వాదము సాగుచున్నది. మన తెలుగువారి బిడ్డలు పెక్కురు నేడు ఆ దేశపు విశ్వవిద్యాలయములలో చదువుచుండుటచే, ఈ వాదము మన తలిదండ్రులకును విద్యార్థులకును ఆలోచింపదగినదై యున్నది.

మొదట ఒక భేదమును తెలిసికొనవలెను. మనము కాలితో బంతిని తన్ని యాడు ఆటను అమెరికావారు సాకర్ అందురు. వారు ఫుట్‌బాల్ అనునది వేఱు. అందు పక్షమునకు 11 మంది చొప్పున నిలిచి, రెండు కొనలు సన్నగిలిన బంతిని చేతబట్టుకొని ముందుకు సాగుదురు. ఎదిరిపక్షమువారు దేహముతో ఢీకొని వారిని నేల గూల్చుదురు. ఈ ఢీకొనుట ఆటలో పొరపాటున జరుగునది కాదు. అదియే యాటకు ప్రాణము.

1869లో రట్గర్సు, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ జరిగిన పందెమును ఈ కళాశాలల యాటకు ఆరంభముగా నెన్నుదురు. 1905వ సంవత్సరమున ఈ యాటలో కనీసము 18 మంది మరణించిరని నాటి పత్రికలు ప్రకటించెను. ప్రెసిడెంటు థియొడోర్ రూజ్వెల్టు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్ విద్యాలయముల ప్రతినిధులను పిలిపించి, ఆటలోని క్రౌర్యమును తగ్గింపవలసినదని కోరెను. మఱుసటి యేట నియమములు మాఱెను. బంతిని ముందుకు విసరుటకు అనుమతి కలిగెను. కొలంబియా విశ్వవిద్యాలయము 1905లో ఆటనే మానివేసి, 1915లో మరల ప్రారంభించెను.

షికాగో విశ్వవిద్యాలయపు నడత ఇంకను గమనింపదగినది. తరువాత హైస్మన్ పేర ప్రసిద్ధికెక్కిన బహుమానమును 1935లో మొట్టమొదట అందుకొన్న జే బెర్వాంగర్ ఆ విద్యాలయపు విద్యార్థియే. అట్టి కీర్తిగల యాటను ఆ విద్యాలయము, రాబర్ట్ హచిన్సు అధ్యక్షుడుగా నుండగా, 1939లో విడిచిపెట్టెను. 1969లో దానిని చిన్న తరహాలో తిరిగి చేపట్టెను. నడుమ ముప్పదియేండ్లు ఆట లేకున్నను ఆ విద్యాలయపు పాండిత్య ఖ్యాతికి లోపము కలుగలేదు.

నాటి భయము ఎముకలు విఱుగుటను గూర్చియు, ప్రాణము పోవుటను గూర్చియు. నేటి భయము మెదడును గూర్చినది. 2017లో బోస్టన్ విశ్వవిద్యాలయపు వైద్యులు, మరణించిన ఆటగాండ్ర మెదళ్లను పరీక్షించిరి. కళాశాలస్థాయి వఱకు ఆడినవారు 53 మందిలో 48 మందికి, మాటిమాటికి తలకు తగులు దెబ్బలవలన కలుగు మెదడు క్షీణత కనబడెను. ఆ మెదళ్లు కుటుంబములవారు దానము చేసినవి. రోగలక్షణములు చూచి అనుమానముతో ఇచ్చినవారు పెక్కురుందురు. కావున ఆటగాండ్రందఱికిని ఇదే గతి యని లెక్కకట్టరాదు. అయినను హెచ్చరిక చాలును. శిరస్త్రాణము కపాలమును కాపాడునుగాని, లోపల మెదడు కదలుటను ఆపజాలదు. స్పృహ తప్పింపని చిన్న దెబ్బలును ఏండ్లతరబడి కూడినపుడు కీడు చేయును.

ఆటను సమర్థించువారి వాదములు తేలికైనవి కావు. ఇది క్రమశిక్షణను, ఐకమత్యమును నేర్పుననియు, పేదకుటుంబముల యువకులకు విద్యార్థివేతనముతో కళాశాల ద్వారము తెఱచుననియు వారందురు. ఇందు రెండవది బలమైన మాట. అయితే పేదవాని బిడ్డకు విద్య కావలెనన్న తలను పణము పెట్టవలెననుట న్యాయమా? విద్యార్థివేతనము బుద్ధికిని శ్రమకును ఈయదగినది. క్రమశిక్షణయన్నచో పరుగుపందెము, ఈత, బాస్కెట్‌బాల్ నేర్పజాలవా?

ధనము మఱియొక చిక్కు. 2025లో న్యాయస్థానము ఆమోదించిన ఒప్పందము ప్రకారము, పెద్ద విద్యాలయములు మొదటి యేట తమ ఆటగాండ్రకందఱికిని కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వఱకు నేరుగా చెల్లింపవచ్చును. ఆడినవానికి కూలి ముట్టుట న్యాయమే. కాని కూలియిచ్చి ఆడించునది ఉద్యోగమగును. దానిని విద్యలో భాగమని సమర్థించుట ఇక కష్టము.

సంస్కరణకు దారి లేకపోలేదు. డార్ట్‌మత్ కళాశాల 2010లో అభ్యాసమునందు ఆటగాండ్రు ఒకరినొకరు కూల్చుటను మాన్పించి, బొమ్మలపై సాధన చేయించెను. ఆ తరువాతను పందెములు గెలిచెను. 2016లో ఐవీ లీగు విద్యాలయములన్నియు, ఆటకాలపు అభ్యాసములలో ఆ పద్ధతినే అంగీకరించెను. నడుమునకు కట్టిన గుడ్డపట్టీని లాగి ఎదిరిని నిలుపు ఫ్లాగ్ ఫుట్‌బాల్ 2028 లాస్ ఏంజిలీస్ ఒలింపిక్ క్రీడలలో చేర్పబడినది.

కావున మా యభిప్రాయమిది. ప్రభుత్వము చట్టముచేసి ఆటను నిషేధింపనక్కఱలేదు. వయసువచ్చినవారు బ్రతుకుతెరువుగా ఆడదలచిన, తెలిసి యాడుదురు గాక. కాని మెదడును పెంచుటకై పుట్టిన కళాశాల, మెదడును చెఱచు ఆటను తన పేర నడుపరాదు. ఢీకొనుటను తీసివేయగలిగినచో ఆటను ఉంచవచ్చును. తీసివేయలేనిచో ఆటనే విడువవలెను.

మన బాలురకు ఇందొక బోధ కలదు. కబడ్డీలోగాని క్రికెట్టులోగాని తలకు దెబ్బ తగిలినపుడు దానిని దాచుట శౌర్యము కాదు. వెంటనే ఆట మాని ఉపాధ్యాయునికి తెలుపుడు. తలిదండ్రులును, ఎట్లు గెలిచితివని యడుగుటకు ముందు, దెబ్బలేమైన తగిలినవా యని యడుగుదురు గాక.