సరుకు కదలని కొట్టు!

బడులు తెరిచారంటే చాలు, పుస్తకాల దుకాణాలు కిటకిటలాడిపోతాయి. నోటుపుస్తకాలు, పెన్నులు, అట్టలు, లేబుళ్లు... కొట్టువాళ్లకి క్షణం తీరిక ఉండదు. కానీ చాలాచోట్ల పైన బోర్డు మాత్రం ఇంకోలా చెబుతుంటుంది. ఇంగ్లిషులో 'స్టేషనరీ' అని రాసేటప్పుడు 'ఆర్'కి ముందు 'ఇ' ఉండాలి. అక్కడ 'ఎ' పెడితే 'కదలనిది' అని అర్థం. అంటే, తన కొట్టులో సరుకు కదలదని యజమానే బోర్డు కట్టుకున్నట్టన్నమాట!

రెండు మాటల్నీ పలికేది ఒకేలా. తిరకాసంతా రాతలోనే. ఆగి ఉన్న బండికి 'ఎ', కాగితాలకీ కవర్లకీ 'ఇ'.

విచిత్రం ఏమిటంటే, రెండింటి మూలం ఒకటే... నిలిచి ఉండటమనే అర్థమున్న లాటిన్ మాట. రైల్వే 'స్టేషన్' కూడా వీటి చుట్టమే. మధ్యయుగాల ఐరోపాలో ఊరూరా తిరిగి అమ్మేవాళ్లలా కాకుండా, ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలమ్మే వ్యక్తిని 'స్టేషనర్' అనేవారు. లండన్‌లో వాళ్ల సంఘం 1403లోనే ఏర్పడింది. స్టేషనర్ అమ్మే సరుకు కాబట్టి స్టేషనరీ. ఆ పేరులోని 'ఇ' ఇందులోకీ వచ్చింది.

గుర్తుండాలంటే 'పేపర్' స్పెల్లింగు తలచుకోండి. చివర 'ఇ', 'ఆర్' ఉంటాయి కదా, ఇక్కడా అంతే. రెండూ సరైన మాటలే కాబట్టి కంప్యూటర్ ప్రతిసారీ తప్పు పట్టుకోలేదు. రోజూ ఆ బోర్డు చూసే పిల్లాడేమో పరీక్షలోనూ అలాగే రాసేస్తాడు.

బోర్డు రాయించేటప్పుడే ఆ ఒక్క అక్షరం సరిచూసుకుంటే సరి. సరుకూ కదులుతుంది, పిల్లాడి మార్కూ నిలుస్తుంది!